మూడోసారి అడగని మాట

ఒకటా, రెండా?

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఒకటికీ రెండుకీ మధ్య ఇలా ఇరుక్కుని కూచోవడమేమిటని మనీజెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. చేతిలో చీటీ మీద అరవై నాలుగు. గోడ మీద ఎర్ర అంకెల్లో నలభై ఒకటి. స్కీ సీజన్ పాసులకి ఇవాళే ఆఖరి రోజు. ఒంటిగంట కొట్టగానే ఆ కిటికీకి పలక దించేస్తారు, ఆ తర్వాత దీజిన్ కొండ ఎక్కాలంటే ఏ రోజుకా రోజు టిక్కెట్టు కొనుక్కుంటూ వరసల్లో కాళ్ళు కొయ్యబారేదాకా నిలబడాలి. ముప్పై నాలుగేళ్ళలో ఆఖరి రోజుదాకా ఆగిన పాపాన పోలేదు. అమ్మకం మొదలైన రోజునే పొద్దున్నే వచ్చేసి, ఇద్దరూ పక్కపక్కన కూచుని, మధ్యలో టీ ఫ్లాస్కు పెట్టుకుని, ముందున్నవాళ్ళ టోపీలకీ బూట్లకీ వంకలు పెట్టుకుంటూ గడిపేసేవాళ్ళు. ఇద్దరూ అంటే తనూ, తూరానూ. తూరాన్ తన తోటికోడలు, బావగారి భార్య, తనకంటే ఆరేళ్ళు పెద్ద. ఇవాళ ఆ పక్క కుర్చీలో తన చేతిసంచి ఉంది. సంచిలో కవరు, కవర్లో నాలుగు ఫొటోలు, రెండు తనవి, రెండు తూరాన్‌వి. ఫొటోలు తెచ్చిందంటే రెండు పాసులు కొనేద్దామనేగా? ఏమో. గొడుగు తెచ్చుకున్నంత మాత్రాన వాన పడాలని కోరుకున్నట్టా? ఎవరో తలుపు తీసి మళ్ళీ వెయ్యలేదు, వీధిలో ఉడికిన బీట్‌రూట్ అమ్మేవాడి బండి మీంచి తియ్యటి ఆవిరి లోపలికొచ్చింది, చినారు ఆకొకటి కూడా దొర్లుకుంటూ వచ్చి ఆవిడ బూటు దగ్గర ఆగింది. మంచు ఇంకా ఎక్కడా లేదు. గోడ మీద పోస్టర్లో మాత్రం బోలెడంత ఉంది, దాని ఒక మూల ఊడి వేలాడుతోంది.

అంతా ఆ ఆష్ గిన్నె చేసిన పని. లేదు, పాపం గిన్నెదేముంది. పోయిన గురువారం తూరాన్ వంటింట్లో నిలబడి పాలకూర కడుగుతోంది, కర్రని సింకుకి ఆనించింది, ఆ కర్ర జారుతుంటే మోకాలితో ఆపుతోంది. మనీజె బల్ల దగ్గర కూచుని, అప్పుడే గుర్తొచ్చినట్టు, "పాసులివ్వడం మొదలుపెట్టారట, ఎప్పుడెళ్దాం?" అంది. అప్పుడే గుర్తురావడమేమిటి, వారం రోజులుగా అదే ఆలోచన. "నన్నొదిలెయ్యవే ఈసారికి, నువ్వెళ్ళిరా" అంది తూరాన్, వెనక్కి తిరక్కుండానే. అది ఒకటి. "బావుంది, నీకు మంచు అంటే ప్రాణం కదా, ఈసారి లేకపోతే ఎలా ఉంటావు?" "ఆపరేషన్ చేసి పెట్టిన ఈ కొత్త తుంటితో వచ్చి నేనేం చేస్తాను, నీ కాళ్ళకి అడ్డం పడ్డం తప్ప? వెళ్ళు మనీజె జాన్, నా మాట విను." అది రెండు. మూడోసారి అడగబోయింది, మాట పళ్ళ దాకా వచ్చింది, దేవుడి తోడు. గంట మోగింది. పై అంతస్తావిడ మొక్కు తీరిందని ఆష్, అదే ఆకుకూరల చిక్కటి పులుసు, వండి గిన్నెడు తెచ్చింది, పైన వేయించిన పుదీనాతో. అయ్యో మీకెందుకీ శ్రమ, శ్రమేముంది, లోపలికి రండి, లేదు మళ్ళీ వస్తా, ఒక్క టీ అయినా, వద్దు, మీ చెయ్యి చల్లగా ఉండాలి. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కనక తూరాన్ దాన్ని కడిగి, అందులో వెయ్యడానికి కలకండ కోసం అలమారలన్నీ తెరిచింది, కలకండ లేదు, చివరికి గుప్పెడు ఆక్రోట్లు దొరికాయి, అవి మెట్లెక్కి ఇచ్చి రావడానికి ఆ తుంటితో తూరాన్ వెళ్ళకూడదు కనక మనీజె వెళ్ళింది, తిరిగొచ్చేసరికి మాటల్లో పాసుల ఊసే లేదు.

చంటిపిల్లలకి కూడా తెలిసిన లెక్కే. ఒకసారి కాదంటే తారోఫ్, రెండుసార్లు కాదంటే ఇంకాస్త గట్టి తారోఫ్, అంటే మర్యాద, మొహమాటం, ఎదుటివాళ్ళకి బరువు కాకూడదనే పెద్దమనిషి తరహా. మూడోసారి కూడా కాదంటేనే అది నిజంగా కాదు. టీ అయినా అంతే, పెళ్ళిసంబంధమైనా అంతే. మరి రెండుసార్లే అడిగి వదిలేస్తే దాన్నేమంటారు? అడిగినట్టా, అడగనట్టా? ఆవిడ కాదన్నట్టా, ఇంకా అననట్టా? లెక్కల్లో అయితే సగం వేసిన లెక్కకి సున్నా మార్కులే. ఫోన్ చేసి అడగొచ్చు. ఐదు రోజులుగా అడగొచ్చు. అడిగితే ఏమవుతుందో తెలుసు కనకే అడగలేదు, మూడోసారి అడిగాక కాదనడం తూరాన్ వల్ల కాదు, మనసులో లేకపోయినా సరేనంటుంది, అన్నాక ఆ తుంటితో మంచులోకి వస్తుంది, వచ్చాక జారితే? డాక్టరు నడవొచ్చన్నాడు. స్కీ సంగతి తూరాన్ అడగలేదు, ఆయన చెప్పలేదు. అలాగని అడక్కపోతే? "రెండుసార్లు పిలిచి చేతులు దులిపేసుకుంది, నేను కుంటిదాన్నయ్యేసరికి" అని ఆవిడ ఆ వంటింట్లో ఒక్కతే నిలబడి అనుకుంటుంటే? అసలు అడగనిది తూరాన్ కోసమా, తన కోసమా? తనే కొండ మీద ఆవిడకి తోడుగా మెల్లిగా దిగలేక, ఒళ్ళు సహకరించే ఈ రెండేళ్ళయినా తనివితీరా జారాలని... ఛీ. అలా అనుకోలేదు. అనుకుందేమో. నలభై ఆరు.

గుమ్మం దగ్గర ఇంకోటి జరిగింది. తను బూట్లు వేసుకుంటుంటే తూరాన్ మూలనున్న గోనెసంచిని కర్రతో ముందుకి తోసింది. మంచులో బండి జారకుండా చక్రాలకి చుట్టే గొలుసులు. "ఇవి నువ్వు పట్టుకెళ్ళు, నాకెందుకిక" అంది. ఇక అందా, ఇప్పుడు అందా? నాకెందుకిప్పుడు అంటే ఇప్పటికి వద్దని, పాసులు తీసుకున్నాక చూద్దామని. నాకెందుకిక అంటే ఇక లేనట్టే. ఐదు రోజులుగా ఆ మాటని చెవిలో తిప్పి తిప్పి చూసుకుంటే ఇప్పుడు రెండు మాటలూ తూరాన్ గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఆ సంచి ఇప్పుడు తమ ఇంటి గుమ్మంలో ఉంది, తన మొగుడు ఇరజ్ రెండుసార్లు తట్టుకుని పడబోయాడు. "ఈ ఇనుమంతా ఎందుకు? జీపు తీసుకో, గొలుసులతో పనే ఉండదు" అంటాడు. ఇరజ్‌కి జీవితంలో మంచుతో పరిచయం ఫ్రిజ్‌లో గడ్డ కట్టినంతవరకే.

ఔను, ఆ కారు గోలొకటి ఉంది. పాత బండి ఎండాకాలంలోనే చేతులెత్తేసింది. నిన్న సాయంత్రం కార్ల సఫ్దర్ ఆగా కొట్లో రెండు బండ్లు చూసింది, ఆయన రెండింటి మీదా చెయ్యి వేసి నిమురుతూ, "మీకంటే ఎక్కువా ఖానుం, ఊరికే తీసుకెళ్ళండి, ఇవి మీవే" అన్నాడు, తను కూడా "మీ నీడ మా మీద ఉండాలి, ధర చెప్పండి" అంది, ఇద్దరికీ ఎవరి మాట ఎంతో తెలుసు, అక్కడ ఏ అయోమయమూ లేదు. అయోమయమంతా బండ్ల దగ్గరే. ఒకటి ఆకుపచ్చ జీపు, ఎత్తుది, నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇంకోటి తెల్ల కారు, పొట్టిది, ముందు రెండు చక్రాలే లాగుతాయి గానీ సీట్లు వేడెక్కుతాయి. "జీపుకి ఎవరి సాయమూ అక్కర్లేదు ఖానుం, ఒక్కరే కూచుని చక్కా పోవచ్చు. తెల్లది ఊళ్ళో మహారాణి, కొండెక్కేటప్పుడు మాత్రం గొలుసులు వెయ్యాల్సిందే, అది ఇద్దరు మనుషుల పని." మధ్యాహ్నం అజాన్ అయ్యేలోగా చెప్పమన్నాడు, రెండింటికీ వేరే బేరాలున్నాయట, ఉన్నాయో లేవో. తను అందరిముందూ జీపు మెట్టు మీద కాలు పెట్టి చూసింది, తన మోకాలే కుయ్యోమంది. అంటే తూరాన్ ఆ జీపు ఎక్కలేదు. ఎక్కగలిగేది తెల్లదే. తెల్లదానికి గొలుసులు కావాలి. గొలుసులు వెయ్యడం వచ్చింది తూరాన్‌కి ఒక్కదానికే. తూరాన్ ఇప్పుడు వంగలేదు. ఈ లెక్క ఎటునించి చేసినా మొదటికే వస్తోంది. బడిలో ఏ పిల్లయినా ఇలాంటి లెక్క తెస్తే ప్రశ్నే తప్పని కొట్టేసేది.

ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్నా తనకి గొలుసులు వెయ్యడం రాలేదంటే ఎవరైనా నవ్వుతారు. నేర్చుకోవాల్సిన అవసరమెక్కడ వచ్చింది గనక? గచ్‌సర్ ఊరు దాటాక మొదటి మలుపులో బండి ఆపడం, తూరాన్ పాత రగ్గు ముక్క పరుచుకుని మంచులో వెల్లకిలా పడుకోవడం, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులు, కారు కిందినించి ఆ గొంతు, "ముందుకి... ఇంకొంచెం... జానెడు... ఆపు, ఆపవే తల్లీ, నా చెయ్యి తొక్కుతావా!" తను స్టీరింగు దగ్గర. ఎవరి పని వాళ్ళది. దారంట పోయే మగవాళ్ళు ఆగి "సాయం చెయ్యమా ఖానుం?" అంటే తూరాన్ కారు కిందినించే "మీ బండి తిన్నగా నడుపుకోండి, అదే సాయం" అనేది. ఆ రోజుల్లో కొండ మీద ఆడవాళ్ళ వరసకీ మగవాళ్ళ వరసకీ మధ్య తాడు కట్టేవారు, తాడుకి ఈవల తూరాన్ ఉంటే చాలు, ఆవల ఎవడూ నోరెత్తేవాడు కాదు. యాభై మూడు. ఎవరిదో ఫోన్ మోగింది, తనదేనేమోనని చూసుకుంది, కాదు.

మొదట్లో పేకాన్ కారు ఉండేది. దానికి వెనక చక్రాలే లాగేవి, వెనక బరువు లేకపోతే మంచులో గింగిరాలు తిరిగేది. అందరూ డిక్కీలో ఇసకబస్తాలు వేసుకునేవారు. వీళ్ళు అత్తగారిని వేసుకునేవారు. ఆ ఆలోచన తూరాన్‌దే. అత్తగారు ముగ్గురు కూచునే సీటులో ఒక్కరే నిండుగా కూచునే మనిషి. గురువారం సాయంత్రం ఇద్దరు కోడళ్ళూ వెళ్ళి అమాయకంగా నిలబడేవారు. "అమ్మా, మీరు రాకపోతే మాకా కొండ రుచించదు." "నాకెందుకమ్మా ఆ చలి, మీరు పొండి." "మీరు లేకుండా ఎలా అమ్మా?" "వద్దు వద్దు, నా కీళ్ళు." "అమ్మా, ఒక్కసారి మా కోసం." మూడోసారి నోట్లోంచి వచ్చేలోపే ఆవిడ ఒక కాలికి మేజోడు ఎక్కించేసేది. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని, ఒళ్ళో ఖర్జూరాల డబ్బా పెట్టుకుని, మలుపు మలుపుకీ దేవుణ్ణి తలుచుకుంటూ, పిచ్చితల్లి, కోడళ్ళకి తనంటే ఎంత ప్రేమో అనుకుంటోందని ముందు సీట్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వు ఆపుకునేవారు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద, అంత మనిషి ఇంతయిపోయి, ఉన్నట్టుండి అంది, "నన్ను ఇసకబస్తా బదులు తీసుకెళ్ళేవారని నాకు తెలీదనుకున్నారా? ఇరజ్‌గాడు మొదటేడే చెప్పేశాడు." ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. తూరానే అడిగింది, "మరి ఎందుకొచ్చేవారమ్మా?" "మూడుసార్లు అడిగేవారుగా. పైగా, ఆ వయసులో నేను లేకపోతే కదలనిది ఇంకేముందే నాకు, ఆ బండి తప్ప?" ఈ మాట తనకి ఇన్నేళ్ళుగా గుర్తురాలేదు. ఇప్పుడెందుకొచ్చింది? నారింజ ఒలిచిన వాసన, ఎవరో ముందు వరసలో ఒలుస్తున్నారు, ఆ ఆస్పత్రి గదిలో కూడా నారింజలుండేవి.

అత్తగారిది సరే. అసలు తూరాన్ మాటల్లో ఏది నిజమో ఏది తారోఫో తనకెప్పుడు తెలిసింది గనక? మొదటి చలికాలమే తెలీలేదు. కొత్తకోడలు తను, అన్జలీలో సముద్రం ఒడ్డున, చేపలు బేరమాడినట్టు ఉన్నమాట మొహానే అనేసే ఇంట్లో పెరిగిన పిల్ల, జన్మలో మొదటిసారి దీజిన్‌లో నిలబడి పళ్ళు పటపటా కొట్టుకుంటుంటే ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ కోటు ఎంత బావుందండీ!" అంది. ఎర్ర కోటు, తూరాన్‌కి వాళ్ళన్నయ్య పంపింది, నడుం దగ్గర బెల్టు. "నీదే అనుకో, తీసుకో" అంది తూరాన్. అంతే. అలాంటప్పుడు "అయ్యో, మీ ఒంటి మీదే అందం" అనాలి, గోడలకి కూడా తెలుసు. తనకీ తెలుసు. నోరు ఆ మాటే అనబోతోంది, చెయ్యి మాత్రం ముందుకి చాచేసింది. తూరాన్ ఒక్క క్షణం, అరక్షణం, కళ్ళార్పి, గుండీలు విప్పి ఇచ్చేసింది. ఆ రోజంతా ఊలు స్వెట్టరుతోనే జారింది, పెదాలు నీలంగా, నవ్వుతూనే. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. కోటు ఇంకా ఉంది, మోచేతుల దగ్గర అతుకులతో. నిజంగానే ఇచ్చిందా? తను లాక్కుందా? ఆ అరక్షణంలో ఆవిడ ఏమనుకుంది? ముప్పై నాలుగేళ్ళ కింద ఒక మాటని సరిగ్గా తీసుకోవడం రాక ఒకావిడని చలిలో వదిలేసింది. ఇప్పుడు ఇంకో మాటని సరిగ్గా తీసుకోకపోతే?

అరవై రెండు. ఇంత త్వరగా ఎలా కదిలింది? కొందరు చీటీలు పారేసి వెళ్ళిపోయినట్టున్నారు. అరవై మూడు. సరే, ఒకటే. ఒకటి తీసుకుంటుంది, జీపు తీసుకుంటుంది, ఒక్కతే వెళ్తుంది, ఇందులో తప్పేముంది, ఆవిడే వెళ్ళమంది, రెండుసార్లు స్పష్టంగా అంది. అరవై నాలుగు. లేచింది. లేచీ లేవగానే వెనక వరసలో ఒక పెద్దాయన హాచ్ అని ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఆగమంది" అంది పక్కనున్న ముసలావిడ, వెంటనే.

ఒంటి తుమ్ము. రెండోది పడితే గానీ అడుగు ముందుకి వెయ్యకూడదు. లెక్కల టీచరు, ఇలాంటివాటికి బడిలో పిల్లల చెవులు మెలేసిన మనిషి, మనీజె మళ్ళీ కూచుంది. ఆ పెద్దాయనకి మొహం చెల్లలేదు, కిటికీ వెలుతురుకేసి ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని, తెగ ప్రయత్నించాడు. "క్షమించాలి ఖానుం, రెండోది రానంటోంది" అన్నాడు. "తొందరేం లేదు, మీ వీలు చూసుకుని తుమ్మండి" అంది తను. జనం నవ్వారు. అరవై నాలుగు, అరవై నాలుగు అని లోపల్నించి అమ్మాయి పిలుస్తూనే ఉంది. దూరంగా మసీదులో అజాన్ మొదలైంది. సంచిలో ఫోన్ వణికింది, సఫ్దర్ ఆగా, ఎత్తలేదు. అన్నీ ఒకేసారి మీద పడిపోతే ఎలా? తుమ్ము రాలేదు. ఇక బాగుండదని లేచి, గుర్తింపు కార్డు కిటికీలో పెట్టింది.

గుమాస్తా అమ్మాయి కార్డు చూసింది, యంత్రంలోకి చూసింది, మళ్ళీ కార్డు చూసింది. "ఖానుం, మీ పాసు అయిపోయిందిగా."

"అయిపోవడమేమిటి?"

"పొద్దున ఎనిమిదింటికి మేం తలుపు తియ్యకముందే ఒకావిడ వచ్చి మెట్ల మీద కూచున్నారు. చేతికర్ర. మీ పేరు, మీ ఫొటో ఇచ్చి తీసుకున్నారు. ఆఖరి రోజున, అదీ పన్నెండు దాటాకే వస్తుంది చూడండి అని కూడా చెప్పారు." అమ్మాయికి నవ్వొస్తోంది. సొరుగులోంచి పాసు తీసి ఇటు తోసింది. అందులో మూడేళ్ళ కిందటి మనీజె, తలగుడ్డ పక్కకి జారి, ఎవరినో చూసి నవ్వుతోంది. ఎవరినో ఏమిటి, ఆ ఫొటో తీయించుకున్నప్పుడు స్టూడియోలో ఎదురుగా నిలబడి మొహం వంకర్లు తిప్పింది తూరానే.

"ఆవిడ తనకి తీసుకోలేదా?"

"లేదండీ. ఒక్కటే."

ఒక్కటే. అయితే అడగని మూడోసారికి జవాబు వచ్చేసింది, రసీదుతో సహా. చెవులు వేడెక్కాయి. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవత్తో, ఇక్కడ తోటికోడలు చేసిన ఉపకారానికి ఏడుపొస్తోంది. ఇంత పని చేస్తుందా? పొమ్మని టిక్కెట్టు కొని మరీ పంపిస్తుందా? వదిలించుకుందా? వదిలిపెట్టిందా? రెండూ ఒకటి కాదు. మెట్ల మీద కూచుందట. ఎనిమిదింటికి, ఈ చలిలో, ఆ తుంటితో, టాక్సీ దిగి, ఆ నాలుగు మెట్లూ ఎక్కి. రానిమనిషి ఇంట్లో కూచుని రాననొచ్చుగా? కొండకి రాలేనిది ఇక్కడిదాకా ఎలా వచ్చింది? వచ్చి, తన ఫొటో తేకుండా, అవతలి మనిషి ఫొటో మాత్రం ఎందుకు తెచ్చింది? ఎవరైనా తనని అడగాలనా? ఎవరూ అడగరని తెలిసా? మనీజె అడిగింది, రెండుసార్లు. ఏమని అడిగింది? నీకు మంచు అంటే ప్రాణం కదా అని. నీకోసం అని. అత్తగారిని కూడా అలా అడగలేదే. మీరు లేకపోతే మాకు రుచించదు అన్నారు, అది అబద్ధమే, ఆ అబద్ధం కింద ఇంకో మాట ఉంది, అది పచ్చి నిజం, మీరు లేకపోతే బండి కదలదు.

"ఖానుం, ఇంకేమైనా కావాలా? వెనక చాలామంది ఉన్నారు."

"ఒక్క నిమిషం, మీ తల్లి చల్లగా ఉండాలి" అని, కిటికీ దగ్గరనించి కదలకుండానే, కదిలితే మళ్ళీ ధైర్యం చాలదని, ఫోన్ తీసి తూరాన్ నంబరు నొక్కింది. మొదటి మోతకే ఎత్తింది, పక్కనే పెట్టుకుని కూచున్నట్టుంది.

"అందిందా?" అంది తూరాన్.

రావే అనాలి. మూడోసారి. నోరు తెరిస్తే ఇంకేదో వచ్చింది. "తూరాన్ జాన్, నాకు గొలుసులు వెయ్యడం రాదు."

అవతల కుళాయి చప్పుడు, అది ఆగింది. "జీపుకి గొలుసులెందుకే? ఇరజ్ జీపంటున్నాడుగా."

"జీపు కాదు. తెల్లది, పొట్టిది."

"బుద్ధుందా నీకు? ఒక్కదానివి ఆ గచ్‌సర్ మలుపులో..."

"అదే చెప్తున్నా. నా ఒక్కదానివల్ల కాదు. నాకు భయం. నువ్వు లేకపోతే నేను రెండో మలుపు దాటలేను, అది నీకూ తెలుసు. నువ్వు జారకపోయినా సరే, పైన కూచుని టీ తాగినా సరే. నాకు నువ్వు కావాలి." వెనక వరస మొత్తం వింటోందని తెలుసు. విననీ.

"నేను వంగలేను మనీజె." గొంతు చిన్నదైపోయింది. ఆ గొంతు తూరాన్‌దని ఎవరూ అనుకోరు. "కూచుంటే లేవడానికే కర్ర కావాలి. ఎందుకు నేను నీకు?"

"కింద నేను పడుకుంటా. నువ్వు బండి జరుపు, జానెడు జానెడు. అద్దం దించి తిట్టు."

ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత, "ఆ ఎర్ర కోటు ఉందా ఇంకా?"

"ఉంది."

"అది తారోఫే, పిచ్చిదానా. ఆ రోజు చలికి చచ్చాను."

"తెలుసు" అంది మనీజె. తెలీదు. ఇప్పుడే తెలిసింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తుంటే తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెచ్చిస్తా. మోచేతుల దగ్గర అతుకులేశాను."

"అయితే నన్ను బరువుకి తీసుకెళ్తున్నావన్నమాట. అమ్మని తీసుకెళ్ళినట్టు."

"ఔను" అంది మనీజె. "బరువుకే."

వెనకాల పెద్దాయన గట్టిగా తుమ్మాడు. వరసంతా హమ్మయ్య అంది. మనీజె చేతిసంచి తెరిచి, కవర్లోంచి తూరాన్ ఫొటోలు రెండూ తీసి కిటికీలో అమ్మాయి ముందు పెట్టింది, చెవి దగ్గర ఫోన్లో తూరాన్ అప్పటికే మామూలు గొంతుతో తిడుతోంది.

"లెక్కల టీచరువి, ఇన్నేళ్ళు బండి నడిపావు, ఆ మాత్రం తెలీదా? అది పేకాన్ కాదు. ముందు చక్రాలు లాగే బండికి బరువు ముందుండాలి. వెనక కూచోను, ముందే చెప్తున్నా."